‘స్కారా బ్రే’ (1971): ఒంటరి గొంతు పాటకు తోడు గొంతులు కలిస్తే

చంద్రవంక

రెండు నెలలుగా ఒక ఆల్బం నన్ను వదలడం లేదు. దాని గురించి తెలుగులో తీరుబడిగా మాట్లాడుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఆల్బం పేరు ‘స్కారా బ్రే’. ఐర్లండులో గేల్ లిన్ సంస్థ 1971లో విడుదల చేసింది. పాడినవారు నలుగురు: మీహాల్ ఓ డోనల్, ఆయన చెల్లెళ్ళు ట్రీనా నీ గోనల్, మైరేడ్ నీ గోనల్, వారి స్నేహితుడు డాహీ స్ప్రౌల్. నలుగురిలో పెద్దవాడైన డాహీకి అప్పటికి ఇరవై, ఇరవై ఒకటి. అందరికంటే చిన్నదైన మైరేడ్ ఇంకా బడి చదువులోనే ఉంది. బృందం పేరూ ఆల్బం పేరూ ఒకటే, ఆ పేరుతో అప్పట్లో వచ్చిన ఆల్బం కూడా ఆ ఒక్కటే. రెండు గిటార్లు, ట్రీనా వాయించిన క్లావినెట్ అనే మెట్ల వాద్యం, నాలుగు గొంతులు; ఇంతకు మించిన హంగు అందులో లేదు.

నన్ను వేధిస్తున్న ప్రశ్న ఇది. ఐరిష్ భాషలో పాత పద్ధతి గానాన్ని ‘షాన్ నోస్’ అంటారు. ఆ మాటకు అర్థమే ‘పాత తీరు’. అందులో ఒక్కరే పాడతారు, పక్కన వాద్యం ఉండదు, తాళానికి కట్టుబడి ఉండాలన్న నియమం లేదు, మాట ఎంత బరువుగా ఉంటే స్వరం అంత సేపు నిలుస్తుంది. అలాంటి పాటలను ఈ నలుగురు యువకులు గిటార్లు పట్టుకుని, ఒకరి గొంతు కింద మరొకరు వేర్వేరు స్వరాలు పట్టి, కలిసి పాడారు. ఐరిష్ భాషా గీతాలను ఇలా స్వరమేళనంతో పాడి రికార్డు చేసిన తొలి బృందాల్లో వారిని చెప్పుకుంటారు. దీన్ని పాటకు చేసిన ఉపకారం అనాలా, అపకారం అనాలా? వింటున్నంత సేపు ఉపకారమనే అనిపిస్తుంది. విని ముగించాక, ఈ పాటలు పాడిన పాత తరం వారు ఏమని ఉంటారో అన్న ఆలోచన మొదలవుతుంది.

పాతరికార్డు

చంద్రవంక గారూ, ఈ ఆల్బం పేరు ఈ వేదికలో చూస్తానని అనుకోలేదు, చాలా సంతోషం. ఉపకారమా అపకారమా అని తేల్చడానికి ముందు, ఆ పాటలు వారికి ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పుకోవడం అవసరం.

ముగ్గురు తోబుట్టువులూ పెరిగింది మీత్ కౌంటీలోని కెల్స్ పట్టణంలో. కాని తండ్రి గారి ఊరు వాయవ్యాన డొనెగాల్ తీరంలో ఉన్న రాన్ న ఫెర్ష్టే, ఆంగ్లంలో రానఫాస్ట్ అంటారు. అది గేల్టాక్ట్, అంటే ఐరిష్ ఇంటి భాషగా నిలిచిన ప్రాంతం. సెలవులు వస్తే పిల్లలు అక్కడికే వెళ్ళేవారు. అక్కడ వారి మేనత్త నెలీ నీ గోనల్ ఉండేది. ఆమెకు వచ్చిన పాటలు పదులు కావు, వందలు. తండ్రి గారు 1935లో ఏర్పడిన ఐరిష్ జానపద కమిషన్ కోసం పాటలు సేకరించినవారు. డెర్రీలో పుట్టిన డాహీ కూడా ఐరిష్ నేర్చుకోవడానికి వేసవి కళాశాలకు అదే ఊరికి వచ్చాడు. స్నేహం అక్కడే కలిసింది. అంటే పట్నపు పిల్లలు పుస్తకంలో పాట చూసి గిటారు కట్టిన కథ కాదిది. మేనత్త వంటింట్లో విన్న పాటకు మేనకోడళ్ళూ మేనల్లుడూ తమ చేతిలో ఉన్న వాద్యం జోడించిన కథ.

ప్రచురించిన గేల్ లిన్ కూడా మామూలు రికార్డుల కంపెనీ కాదు. ఐరిష్ భాషను బతికించడానికి 1953లో పుట్టిన సంస్థ అది. దుకాణంలో అమ్ముడుపోవడం ఒక్కటే కొలత అయి ఉంటే ఈ ఆల్బం వచ్చేదే కాదని నా నమ్మకం.

తంబూరశ్రుతి

ఇద్దరికీ నమస్కారం. నేను కర్ణాటక సంగీతం పాడతాను, పిల్లలకు నేర్పుతాను. ఆల్బం ఇవాళ మొదటిసారి విన్నాను. గొంతులు శుద్ధంగా ఉన్నాయి, అందులో సందేహం లేదు. అయినా చంద్రవంక గారి అనుమానం వైపే నేను మొగ్గుతున్నాను.

షాన్ నోస్ గాయకుల్లో కానమారా ప్రాంతపు కార్న ఊరి వాడు జో హీనీ పాటలు కొన్నేళ్ళ క్రితం శ్రద్ధగా విన్నాను. ఒకే పాటలో రెండో చరణం మొదటి చరణంలాగా ఉండదు. ఒక చోట స్వరాన్ని చిన్న చుట్టు తిప్పుతాడు, మరొక చోట అదే స్వరాన్ని నిలువుగా వదిలేస్తాడు. ఏ మాట దగ్గర ఏం చేయాలో ఆ క్షణంలో ఆయన మనసుకే తెలుసు. మన గమకం వంటిదే అది, అయితే రాగ లక్షణం కోసం కాకుండా మాట కోసం పుట్టింది. ఇప్పుడు నలుగురు కలిసి పాడాలంటే ఏం కావాలి? ఎవరు ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి తీయాలో, ఏ స్వరం మీద నిలవాలో ముందే ఒప్పుకోవాలి. ఆ ఒప్పందం కుదిరిన క్షణంలో చరణానికి చరణానికి మారే స్వేచ్ఛ పోతుంది. పాటలోని మాటలు మిగులుతాయి, వరస మిగులుతుంది, పాడేవారి నిర్ణయం మాత్రం మిగలదు. నా దృష్టిలో షాన్ నోస్ అంటే ఆ నిర్ణయమే.

ఆరుతీగలు

తంబూరశ్రుతి గారి మాట బలమైనది. కాని గిటారు వాయించేవాడిగా ఒక సంగతి ముందు పెట్టకపోతే ఈ చర్చ అసంపూర్తిగా ఉంటుంది.

మామూలు గిటారును లావు తీగ నుంచి సన్న తీగకు ఇ, ఎ, డి, జి, బి, ఇ అని శ్రుతి చేస్తారు. మీహాల్, డాహీ ఇద్దరూ ఐరిష్ సంగీతంలోకి మరొక శ్రుతిని తెచ్చిన మొదటి తరం వారు. ఆ శ్రుతిలో మొదటి తీగనూ ఆరో తీగనూ ఇ నుంచి డికి, రెండో తీగను బి నుంచి ఎకి దించుతారు. మిగిలిన మూడింటినీ ముట్టుకోరు. అప్పుడు ఆరు తీగలూ డి, ఎ, డి, జి, ఎ, డి అవుతాయి. ఇంగ్లండు వాద్యకారుడు డేవీ గ్రేయం 1960ల తొలి సంవత్సరాల్లో మొరాకో వెళ్ళి, అక్కడి ఊద్ వాద్యంతో కలిసి వాయించడానికి వీలుగా దీన్ని పట్టుకున్నాడని చెబుతారు.

ఇప్పుడు డిని షడ్జమం అనుకోండి. ఆరు తీగలు వరుసగా స, ప, స, మ, ప, స. తంబూరశ్రుతి గారూ, ఇందులో ఏది లేదో మీకు వెంటనే తెలిసి ఉంటుంది. గాంధారం లేదు. పాశ్చాత్య సంగీతంలో ఒక స్వరగుచ్ఛం మేజరా మైనరా అని తేల్చేది ఆ గాంధారమే. అది అంతర గాంధారమైతే వెలుగు, సాధారణ గాంధారమైతే నీడ. మామూలు శ్రుతిలో గిటారు వాయించేవాడు మొదటి మీటుతోనే పాటకు ఆ తీర్పు చెప్పేస్తాడు. డొనెగాల్ పాత వరసల్లో చాలా వాటికి ఆ తీర్పు సరిపడదు. కొన్ని మన ఖరహరప్రియ మేళంలా, కొన్ని హరికాంభోజిలా నడుస్తాయి, కొన్ని వరసల్లో ఆరు స్వరాలే ఉంటాయి. గాంధారం లేని శ్రుతిలో తీగలను ఊరికే మోగనిస్తే గిటారు ఏ తీర్పూ చెప్పదు, తీర్పును గొంతుకే వదిలేస్తుంది. వరస గాంధారాన్ని ఎప్పుడు తాకితే అప్పుడే దాని రంగు తెలుస్తుంది. ఆ రికార్డులో గిటార్లను గొంతు వెనక నుంచి విడదీసి వింటే, అవి చాలా చోట్ల చేస్తున్న పని మీ తంబూర పనే.

తంబూరశ్రుతి

ఆరుతీగలు గారూ, స ప స మ ప స అని చదివి తంబూర దగ్గరకు వెళ్ళి కూర్చున్నాను. మీరు చెప్పింది నిజం. ఈ వివరం తెలిశాక విన్నప్పుడు గిటారు నాకు అడ్డు తగలలేదు.

అయితే నా అభ్యంతరంలో సగమే తీరింది. తంబూర తాళం వేయదు. గిటారు తీగలను ఒక్కొక్కటిగా వేళ్ళతో మీటినప్పుడు సన్నగా ఒక నడక వస్తుంది, పాట ఆ నడకలో పడుతుంది. జో హీనీ పాటలో నడక ఉండదు, నిలుపు ఉంటుంది. రెండూ ఒకటే అనమంటే ఒప్పుకోలేను.

లిఫీతీరం

నేను పదేళ్ళుగా డబ్లిన్‌లో ఉంటున్నాను. సంగీతం నేర్చుకోలేదు, అందువల్ల శ్రుతుల సంగతి మీకే వదిలేస్తాను. ఇక్కడి బడుల్లో ఐరిష్ తప్పనిసరి పాఠం కాబట్టి మా అమ్మాయి ద్వారా ఆ భాష మా ఇంట్లోకి వచ్చింది. ఇంటికి తెచ్చిన మొదటి పాట ‘బాదీన్ ఎలిమీ’, అంటే ఎలిమీ గారి చిన్న పడవ. గోలా దీవికి, టోరీ దీవికి వెళ్ళిన ఆ పడవ టోరీ దగ్గర బద్దలైపోతుంది. అదీ డొనెగాల్ పాటే. రాసేటప్పుడు ఆ పేరు ముందు రెండు అక్షరాలు పెట్టి, పలికేటప్పుడు రెండూ మింగేస్తారు. నేను అచ్చులో ఉన్నట్టు ‘ఫెలిమీ’ అని చదివితే మా అమ్మాయి నన్ను ఆపి, మళ్ళీ చదివించింది.

చంద్రవంక గారు అన్నాచెల్లెళ్ళ ఇంటి పేర్లు వేరువేరుగా రాశారు కదా, ఎవరైనా పొరపాటు అనుకుంటారేమోనని చెబుతున్నాను. మగవారికి ‘ఓ’, అంటే మనుమడు, వంశంలో పుట్టినవాడు. పెళ్ళికాని ఆడపిల్లకు, లేదా పుట్టింటి పేరు ఉంచుకున్న స్త్రీకి ‘నీ’, అంటే ఆ వంశపు వాడి కూతురు. ‘నీ’ తరువాత వచ్చే హల్లు మెత్తబడుతుంది కాబట్టి డోనల్ కాస్తా గోనల్ అవుతుంది. ఇంటి పేరు ఒక్కటే.

మరొక మాట. ఐరిష్‌లో ఎవరినైనా పాడమని అడిగేటప్పుడు ‘అబర్ అవ్రాన్’ అంటారు. మాటకు మాట చెప్పుకుంటే ‘పాట చెప్పు’ అని. మనం హరికథ చెప్పారు, బుర్రకథ చెప్పారు అంటామే, అలా. తంబూరశ్రుతి గారు గమకం మాట కోసం పుట్టిందన్నప్పుడు నాకు ఇది గుర్తుకు వచ్చింది. ఇక షాన్ నోస్ గాయకుడు ఒంటరి అనడం నాకు పూర్తిగా నిజమనిపించదు. పాత రోజుల్లో పాడేవారి పక్కన కూర్చున్న మనిషి వారి చేయి పట్టుకుని, పాట నడిచినంత సేపు ఆ చేతిని మెల్లగా గుండ్రంగా తిప్పుతూ ఉండేవాడు. పాడేవారు కళ్ళు మూసుకునో, గోడ వైపు తిరిగో పాడుతుంటే, వినేవారు మధ్య మధ్య చిన్న చిన్న మాటలతో దీవిస్తూ ఉండేవారు. గొంతు ఒక్కటే, పాటలో ఉన్నది మాత్రం ఒక్కరు కాదు.

గోదారిగట్టు

ఈ చర్చ చదివి నేనూ విన్నాను. అడగవచ్చో లేదో గాని ఒక సందేహం. స్కారా బ్రే అనేది స్కాట్లండుకు చెందిన ఆర్క్‌నీ దీవుల్లో రాతియుగపు ఊరు అని చదివాను. అక్కడి గేలిక్ ప్రజల వారసత్వానికి గుర్తుగా ఆ పేరు పెట్టుకున్నారా? ఐరిష్, గేలిక్ ఒకటేనా, వేరా?

పాతరికార్డు

తప్పకుండా అడగవచ్చు, గోదారిగట్టు గారూ. ముందు పేరు సంగతి. స్కారా బ్రే అయిదు వేల ఏళ్ళ నాటి రాతి ఇళ్ళ ఊరు, 1850లో వచ్చిన పెద్ద తుఫాను ఇసుకను ఎత్తుకుపోతే బయటపడింది. ఆర్క్‌నీ దీవుల్లో ప్రజల భాష వందల ఏళ్ళ పాటు నార్స్ జాతుల నుంచి వచ్చిన నార్న్, ఆ తరువాత స్కాట్స్. అది గేలిక్ నేల కాదు. కాబట్టి ఆ పేరులో భాషా వారసత్వం వెతకకండి. ఇసుక కింద చెక్కుచెదరకుండా దొరికిన ఇల్లు అన్న భావం ఈ పాటలకు చక్కగా నప్పుతుంది, అయితే అది నా ఊహ మాత్రమే.

ఇక భాష. గేలిక్ కుటుంబంలో మూడు తోబుట్టువులు: ఐరిష్, స్కాటిష్ గేలిక్, మాన్ దీవిలోని మాంక్స్. ఐర్లండులోని మాండలికాలలో డొనెగాల్ ఐరిష్ స్కాటిష్ గేలిక్‌కు బాగా దగ్గర. దానికి కారణం పుస్తకాల్లో కంటే పొలాల్లో ఎక్కువగా ఉంది. డొనెగాల్ పేద కుటుంబాల వారు తరాల తరబడి కోతలకూ, బంగాళాదుంపలు తవ్వడానికీ స్కాట్లండుకు వలస కూలీలుగా వెళ్ళి, పని అయ్యాక తిరిగి వచ్చేవారు. అక్కడ కూలీలను ఉంచే మోటు కొట్టాలను ‘బోథీ’ అంటారు. 1937లో కిర్కిన్‌టిల్లాక్‌లో అలాంటి కొట్టానికి నిప్పంటుకుని, మేయో కౌంటీ అకిల్ దీవి నుంచి బంగాళాదుంపల పనికి వచ్చిన పది మంది కుర్రవాళ్ళు చనిపోయారు. స్కారా బ్రే విడిపోయిన కొన్నేళ్ళకు మీహాల్, ట్రీనా చేరిన ప్రఖ్యాత బృందం పేరు ‘బోథీ బ్యాండ్’. ఆ పేరు వెనుక ఉన్నది ఆ వలస బతుకే.

ఆ బృందం 1976 నాటి ఆల్బంలో ‘ఫిన్నవల’ అనే స్కాటిష్ గేలిక్ పాట ఉంది. అది ‘పుర్ష్ట్ అ బెల్’ జాతికి చెందినది, అంటే నోటి వరస. వాద్యం దొరకని చోట, నృత్యానికి కావలసిన వరసను నోటితోనే పాడేవారు. అర్థం కంటే అక్షరాల దరువు ముఖ్యం. వాద్యం లేకుండా గొంతులే ఒకదానితో ఒకటి పోటీ పడుతూ ఎంత వేగంగా సాగుతాయో విని చూడండి. తంబూరశ్రుతి గారూ, నడక అనేది గేలిక్ పాటకు పరాయిది కాదని చెప్పడానికి కూడా దీన్ని ప్రస్తావించాను. నిలుపు పాటలూ ఉన్నాయి, నడక పాటలూ ఉన్నాయి.

గోదారిగట్టు

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. భాష రాని నాకు ఆ పాటల్లో ఏముందో ఎవరైనా చెబితే మళ్ళీ వింటాను. ముఖ్యంగా ‘ఆర్డీ కూవన్’ అనే పాట. అర్థం తెలియకుండానే అది వింటూ పని ఆపేశాను.

చంద్రవంక

గోదారిగట్టు గారూ, నేను కూడా అక్కడే ఆగిపోయాను. ‘ఆర్డీ కూవన్’ డొనెగాల్ పాట కాదు. ఈశాన్యాన ఆంట్రిమ్ కౌంటీలో గ్లెన్స్ అనే లోయల ప్రాంతం ఉంది, ఆ పాట అక్కడిది. ఆ తీరం నుంచి స్కాట్లండులోని కింటైర్ కొన దాదాపు ఇరవై కిలోమీటర్లే; మబ్బు లేని రోజున ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు కనిపిస్తుంది. ఊరికి దూరమైన మనిషి పాడుకునే పాట అది. నేను ఆర్డీ కూవన్‌లో, ఇప్పుడు దూరమైపోయిన ఆ కొండ పక్కన ఉండి ఉంటే, ఆదివారం నాడు కోకిలల లోయకు వెళ్ళకుండా ఉండేవాణ్ణా అంటాడు. తరువాత క్రిస్మస్ రోజులు తలుచుకుంటాడు. డన్ ఏరు సముద్రంలో కలిసే చోట తెల్లని ఇసుక తీరం, బుద్ధి తెలియని వయసు, పిడికిట్లో తెల్లని హర్లింగ్ కర్ర, ఆట. హర్లింగ్ అంటే వంపు కర్రతో బంతిని కొట్టి ఆడే ఐరిష్ ఆట. పల్లవిలో మాత్రం గుండె బరువు నేరుగా చెప్పుకుంటాడు. పెద్ద పెద్ద మాటలు ఎక్కడా లేవు. ఒక కొండ, ఒక పక్షి, ఒక కర్ర.

ఇందులో నాకు ఎక్కువ బాధ కలిగించేది పాట బయట ఉన్న సంగతి. ఆ లోయల్లో ఇంటి భాషగా ఐరిష్ ఇరవయ్యో శతాబ్దంలోనే ఆరిపోయింది. పాట పుట్టిన చోట ఆ మాట తల్లి నుంచి నేర్చుకున్న వారు ఇక లేరు. పాట మాత్రం పక్క సీమల గొంతుల్లోకి చేరి బతికింది.

మరో రెండు పాటల సంగతి. ‘ట్రాహ్నోనా బెగ్ అరేర్’, అంటే నిన్న మలిసంధ్య వేళ అని చెప్పుకోవచ్చు, జానపదమని చాలామంది అనుకుంటారు. అది రాన్ న ఫెర్ష్టేలో పుట్టిన నవలా కథా రచయిత షేమస్ ఓ గ్రియన్నా రచన. ఆయన జీవితకాలం 1889 నుంచి 1969 వరకు. అంటే ఈ రికార్డు రావడానికి రెండేళ్ళ ముందు వరకు ఆయన ఉన్నారు. ‘బాన్‌ఖ్నిక్ ఏరన్ ఓ’, ఐర్లండు అందాల కొండలు, పద్దెనిమిదో శతాబ్దపు కవి డొనఖా రువ మాక్ కన్‌మారా ప్రవాసంలో చెప్పుకున్నది. కర్త పేరు తెలిసిన పాట సంప్రదాయంలో కలవదని ఒక వాదన వింటూ ఉంటాం. ఆ ఊళ్ళో ఎవరూ అలా అనుకోలేదు. నెలీ గారి లాంటి వారు నేర్చుకుని, పక్కవారికి నేర్పగలిగితే అది సంప్రదాయమే.

తంబూరశ్రుతి

నాలుగు రోజుల తరువాత తిరిగి వచ్చాను. చంద్రవంక గారు చెప్పిన అర్థం దగ్గర పెట్టుకుని ఆల్బం మొత్తం మూడుసార్లు విన్నాను. ముందు రాసినదానిలో ఒక మాట వెనక్కి తీసుకోవాలి, ఒక మాట అలాగే ఉంచాలి.

వెనక్కి తీసుకునేది: నలుగురు కలిస్తే పాడేవారి నిర్ణయం పోతుందన్నాను. వింటే అలా జరగలేదు. అసలు వరసను పట్టుకున్న గొంతు ఎక్కడా కదలలేదు, మేళనం కోసం దాని స్వరం ఒక్కటి కూడా మార్చినట్టు నాకు వినిపించలేదు. కింది గొంతులు దాన్ని చూసి నడుస్తున్నాయి. అది ఒక మాట మీద కొంచెం ఎక్కువ నిలిస్తే అవీ నిలుస్తున్నాయి, అది ఊపిరి తీస్తే అవీ తీస్తున్నాయి. నోటి లెక్కతో ఇంత దగ్గరగా నడవడం వీలుకాదు. ఒకే ఇంట్లో, ఒకే మనిషి దగ్గర ఆ పాట విన్నవారికే వీలవుతుంది. మన బుర్రకథలో వంతలు కథకుడి మాట అయ్యాక అందుకుంటారు. వీళ్ళు వెనక అందుకోవడం లేదు, పక్కన నడుస్తున్నారు. లిఫీతీరం గారు చెప్పిన చేయి పట్టుకోవడం చదివాక, ఆ కింది గొంతులు చేస్తున్నది అదే పని అనిపించింది.

అలాగే ఉంచేది: రికార్డు ఒకసారి వచ్చాక అది ఒక పాఠమవుతుంది. రేపు పాట నేర్చుకునే పిల్ల నెలీ గారి దగ్గరకు వెళ్ళదు, ఈ రికార్డు దగ్గరకు వెళుతుంది. పాటకు పది రూపాలు ఉన్న చోట ఒక్క అందమైన రూపం మిగిలిపోతుంది. అందం ఎక్కువైన కొద్దీ ఈ ప్రమాదం ఎక్కువ.

పాతరికార్డు

ఆ భయం న్యాయమైనదే, దాన్ని కొట్టిపారేయను. ఈ రికార్డు తరువాత జరిగినవి కొన్ని చెబుతాను, మీరే తూచండి. 1973లో పక్కనే ఉన్న గ్వీడోర్ నుంచి క్లన్నాడ్ బృందం మొదటి ఆల్బం వచ్చింది. అందులోనూ ఐరిష్ పాటకు స్వరమేళనం. ఆ దారి ఎంత దూరం వెళ్ళిందో లోకానికి తెలుసు. కాని స్కారా బ్రేలో అందరికంటే చిన్నదైన మైరేడ్ దారి వేరు. 1991లో వచ్చిన ఆమె సొంత ఆల్బంలో ముందుకు వచ్చేది నెలీ గారి దగ్గర నేర్చిన ఆ ఒంటరి పాడే తీరే. 1999లో అక్కచెల్లెళ్ళు ఇద్దరూ కలిసి వాద్యకారుడు డోనల్ లన్నీ తోడుగా మరొక ఆల్బం చేశారు. ఒకే మనిషి రెండు పద్ధతులూ పాడింది, ఒకటి మరొకదాన్ని మింగలేదు. మీహాల్ బోథీ బ్యాండ్ తరువాత ఫిడేలు వాద్యకారుడు కెవిన్ బర్క్‌తో చేసిన రెండు ఆల్బంలలోనూ అదే గాంధారం లేని శ్రుతి మోగుతుంది. ఆయన 2006లో కన్నుమూశారు.

పాఠం స్థిరపడిపోతుందన్న మాటకు జవాబు ఇంకొకటి. నెలీ గారి పాటలు జానపద సేకరణలో ఆమె గొంతుతోనే భద్రంగా ఉన్నాయి. ఈ రికార్డు వినే ఆ పేరు తెలుసుకున్నవారిలో నేనూ ఒకడిని. 1998లో సీడీగా తిరిగి వచ్చినప్పుడు కొన్నాను, దాని వల్లనే నెలీ ఎవరని వెతికాను. తలుపు వేసేసిన రికార్డు అయితే నేను అక్కడి దాకా వెళ్ళేవాడిని కాదు.

ఆరుతీగలు

తంబూరశ్రుతి గారి రెండో పోస్టు చదివాక నిన్న రాత్రి గిటారును ఆ శ్రుతికి దించి ‘ఆర్డీ కూవన్’ వరస పట్టడానికి ప్రయత్నించాను. వేళ్ళు అలవాటు కొద్దీ గాంధారం కోసం వెతుకుతూనే ఉన్నాయి. దాన్ని ముట్టకుండా రెండు చరణాలు వాయించడానికి గంట పట్టింది. నేర్చుకోవాలనుకునే వారికి ఒక్క సూచన: రెండో తీగను దించేటప్పుడు తొందరపడకండి. అది మూడో తీగ మీద రెండో మెట్టు నొక్కితే వచ్చే స్వరంతో సరిగ్గా కలవాలి. కొంచెం ఎక్కువ తక్కువైనా ఆ పంచమం పాట మొత్తాన్ని గరుకు చేస్తుంది. నడక విషయంలో తంబూరశ్రుతి గారు చెప్పింది నాకు ఇప్పుడు అర్థమైంది. నేను వేళ్ళతో వరుసగా మీటినంత సేపు పాట పరుగెత్తింది. చరణం చివర మాత్రమే మీటి, మిగతా సేపు తీగలను మోగనిచ్చినప్పుడు నిలిచింది.

తంబూరశ్రుతి

ఆ రెండో పద్ధతి రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. నేను తంబూర మీద వరస పాడి చూశాను, నాకు మాటలు పలకడం రావడం లేదు. లిఫీతీరం గారూ, ఆ ‘తెల్లని కర్ర’ ఉన్న చరణం ఎలా పలకాలో మీ అమ్మాయి చేత చదివించి చెప్పగలరా?

లిఫీతీరం

చదివించాను, తెలుగు లిపిలో రాసి మీకు సందేశంలో పంపుతాను. చదివేటప్పుడు జరిగింది మాత్రం ఇక్కడే చెబుతాను.

మా అమ్మాయికి పదకొండేళ్ళు, బడిలో కమోగీ ఆడుతుంది. హర్లింగ్‌నే ఆడపిల్లలు ఆడితే కమోగీ అంటారు. పాటలో చాలా మాటలు తనకు తెలియవు, డబ్లిన్ బడి ఐరిష్‌కూ ఈ ఉత్తరాది ఐరిష్‌కూ తేడా ఉంది. ఒక్కొక్క మాట మీద వేలు పెట్టి కష్టపడి చదువుతూ వచ్చి, ‘కమాన్’ అన్న మాట దగ్గర ఆగి నా వైపు చూసింది. ‘కామ్’ అంటే వంపు, వంపు కర్ర కాబట్టి కమాన్ అని టీచర్ చెప్పారట. తెల్లని కమాన్ ఏమిటి, రంగు వేసుకున్నాడా అని నేను అడిగాను. తను లేచి వెళ్ళి తలుపు వెనక నుంచి తన కర్ర తెచ్చింది. ఆష్ చెట్టు చెక్కతో చేసింది. పట్టుకునే చోట టేపు చుట్టి ఉంది, ఆడి ఆడి కింది వంపు మట్టిపట్టి గోధుమ రంగుకు తిరిగింది. టేపు అంచు గోటితో కొంచెం ఎత్తి, లోపలి చెక్క చూపించింది. పాలలాగా తెల్లగా ఉంది. “కొత్తదమ్మా అతనిది,” అంది.